ఆకురాలు కాలపు అలర్జీకి, పొడి దగ్గుకు ఆక్యుపంక్చర్, చైనా మూలికలు ఎంతవరకు పనికివస్తాయి?

పద్మ, ఎడిసన్ (న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో స్థిరపడిన కొన్నేళ్లకు నాకు ఆగస్టు చివర్లో తుమ్ములు, కళ్ల దురద, ముక్కు దిబ్బడ మొదలై అక్టోబరు దాకా వదలకపోవడం అలవాటుగా మారింది. నిరుడు ఇంట్లో హీటర్ వేయడం మొదలుపెట్టిన రోజుల్లో దీనికి పొడి దగ్గు కూడా తోడైంది. వేసవిలో అది కొంత తగ్గింది గాని పూర్తిగా పోలేదు. అలర్జీ మాత్ర వేసుకుంటే ఆఫీసులో మధ్యాహ్నానికి కళ్లు మూతలు పడుతున్నాయి.

మా ఆఫీసులో పనిచేసే ఒక చైనా ఆవిడ తమ కుటుంబమంతా వెళ్లే ఆక్యుపంక్చర్ క్లినిక్ గురించి చెప్పారు. వెళ్లి అడిగితే, శరత్తు ఊపిరితిత్తుల కాలమని, ఋతువు ముదరకముందే ఆరు సిట్టింగులు సూదులు వేయించుకొని, వేడినీళ్లలో కలుపుకొనే ఒక మూలికల పొడి వాడితే చలికాలం దాకా ఇబ్బంది ఉండదని అన్నారు. ఆరింటికీ డబ్బు ముందే కట్టాలట. ఈ చికిత్స వెనుక ఉన్న ఆలోచన ఏమిటి, ముక్కు అలర్జీకి ఇది పనిచేస్తుందనడానికి ఆధారం ఉందా, నేను రోజూ వేసుకునే రక్తపోటు మాత్రతో పాటు ఆ పొడి వాడవచ్చా అన్నవి నా సందేహాలు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు గుండె కవాటం మార్పిడి తరువాత రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడుతున్నారు. మోకాళ్ల నొప్పులకు తనకూ సూదులు వేయించమని ఆవిడ అడుగుతున్నారు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

శ్రీవల్లి, ఫ్రీమాంట్ (కాలిఫోర్నియా)

పద్మ గారూ, నేను ఇక్కడ లైసెన్సుతో ఆక్యుపంక్చర్ చేస్తున్నాను కాబట్టి ముందు ఆ ఆలోచన ఏమిటో చెప్పి, తరువాత మీ ఆరు సిట్టింగుల సంగతికి వస్తాను.

చైనా సంప్రదాయ లెక్కలో శరత్తు ఆగస్టు 7 లేదా 8న 'లీ చ్యూ' అనే రోజుతో మొదలై నవంబరు 7, 8 తేదీల దాకా సాగుతుంది. పగలూ రాత్రీ సమానమయ్యే సెప్టెంబరు 22, 23 తేదీలు వారికి ఋతువు ఆరంభం కాదు, నడిమధ్య. సూర్యుడి నడకను బట్టి సంవత్సరాన్ని 24 భాగాలు చేసిన ఈ పంచాంగాన్ని 2016లోను, అంతకుముందు 2010లో ఆక్యుపంక్చర్‌ను యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ మూడు నెలలకు వారు లోహ తత్త్వాన్ని, ఊపిరితిత్తులను, పెద్దపేగును, ముక్కును, చర్మాన్ని, మనోభావాల్లో దుఃఖాన్ని జతచేశారు. ఋతువు తెచ్చిపెట్టే దోషం పొడిదనం. సుమారు రెండు వేల ఏళ్ల నాటి 'హువాంగ్‌డీ నేయ్‌జింగ్' అనే మూలగ్రంథం శరత్తులో పెందలాడే పడుకొని కోడి కూతతో లేవాలని, మనసును నెమ్మదిగా ఉంచుకోవాలని, వేసవిలో నలుదిక్కులా పరచిన శక్తిని లోపలికి కూడగట్టుకోవాలని చెబుతుంది. ఊపిరితిత్తులనే మాటను వారు చాలా విశాలంగా వాడారు. శ్వాస, చెమట, చర్మం, బయటినుంచి వచ్చే జలుబును అడ్డుకొనే శక్తి, ఇవన్నీ ఆ పేరు కిందికే వస్తాయి. దీన్ని శరీరశాస్త్రంగా చదవకూడదని, రోగి చెప్పే లక్షణాలను ఒకచోట చేర్చి చూసే పాత పద్ధతిగా మాత్రమే తీసుకోవాలని నా అభిప్రాయం. మా వృత్తిలో అందరూ దీనికి ఒప్పుకోరు.

ఆ పొడిదనంలోనూ వారు రెండు రకాలు చూశారు. ఎండ ఇంకా ఉన్న తొలి నెలల్లో గొంతు మంట, దాహం, తెమలని దగ్గు తెచ్చేది వేడి పొడిదనం. చలిగాలి మొదలయ్యాక ముక్కు కారుతూ, ఒళ్లు వణుకుతూ వచ్చేది చల్లని పొడిదనం. 1798లో వూ జూటోంగ్ అనే వైద్యుడు రాసిన జ్వర చికిత్సా గ్రంథంలో మొదటిదానికి మల్బరీ ఆకు, ఆప్రికాట్ గింజ, బేరిపండు తొక్క కలిసిన కషాయం ఉంది. రెండోదానికి ఆప్రికాట్ గింజతో పెరిల్లా ఆకు కలిపిన కషాయం ఉంది. ఆ గింజలు చేదు రకమైతే సరిగా శుద్ధి చేయకుండా తింటే ఒంట్లో సైనైడ్ పుడుతుంది కాబట్టి, కొట్లో కొనుక్కొచ్చి ఇంట్లో ప్రయోగాలు చేయకండి.

సూదుల విషయానికి వస్తే, ముక్కు అలర్జీకి సాధారణంగా ముక్కు రెక్కల పక్కనుండే యింగ్‌షియాంగ్, కనుబొమల మధ్యనుండే యిన్‌తాంగ్, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కండలో ఉండే హెగు, మణికట్టుకు కాస్త పైనుండే లియెచ్యువె, మోకాలి కింద ఉండే జూసాన్‌లీ స్థానాలను ఎంచుకుంటాము. వెంట్రుక వంటి సన్నని సూదులు పెట్టి ఇరవై, ముప్పై నిమిషాలు పడుకోబెడతాము. ప్రతి సూదీ మీ కళ్లముందు కొత్త ప్యాకెట్ విప్పి తీసి, వాడిన వెంటనే పారవేయవలసినదే. హెగు స్థానాన్ని గర్భిణుల్లో సంప్రదాయంగా వదిలేస్తారు. దగ్గు ఉన్నవారికి వీపు పైభాగంలోని ఫేయ్‌షూ స్థానంలో కూడా పెడతారు. అక్కడ లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లుపడి చుట్టూ గాలి చేరే ప్రమాదం, అరుదుగానైనా, నిజంగానే ఉంది. అందుకే చేయి తిరిగినవారు అక్కడ సూదిని వాలుగా, పైపైన మాత్రమే పెడతారు. మీ రాష్ట్రపు లైసెన్సు ఉందో లేదో చూడకుండా ఎవరి ముందూ వీపు చూపించకండి.

ఋతువుకు ముందు ఒకసారి సరిచేయించుకుంటే ఋతువంతా జబ్బు రాదన్నది మా వృత్తిలో బాగా అమ్ముడుపోయే మాట. నేనైతే అలా అమ్మను. లక్షణాలు ఉన్న రోజుల్లో వారానికి ఒకటి రెండుసార్ల చొప్పున నాలుగైదు వారాలు చూసి, నిద్రలోను, ముక్కు దిబ్బడలోను, మాత్రల వాడకంలోను తేడా కనిపించకపోతే మానేయమంటాను. అందుకని ముందే డబ్బు కట్టించుకునే ప్యాకేజీకి ఒప్పుకోవద్దు. ఆ పొడిలో ఏమేమి కలిపారో పేర్లు రాయించుకొని ఇక్కడ పెడితే దాని గురించి చెప్పగలను. ఈలోగా బేరిపండును కాస్త పటికబెల్లంతో ఉడికించి గోరువెచ్చగా తినడం, పెందలాడే నిద్రపోవడం వంటివి నిరభ్యంతరంగా చేయవచ్చు. మధుమేహం ఉంటే పటికబెల్లం వదిలేయండి.

డా. రఘు, డాలస్

పద్మ గారికి నమస్కారం. నేను అలర్జీ వైద్యుడిని. ముందుగా మీ ముక్కును బాధిస్తున్నది శరత్తు కాదు, దాదాపు కచ్చితంగా రాగ్‌వీడ్ అనే కలుపుమొక్క పుప్పొడి అని చెప్పాలి. తూర్పు అమెరికాలో అది ఆగస్టు మధ్యలో పూత మొదలుపెట్టి, సెప్టెంబరు మధ్యలో ఉధృతమై, తొలిసారి గడ్డకట్టే చలి వచ్చేదాకా గాలిలో ఉంటుంది. అదే సమయంలో రోడ్ల పక్కన పసుపుపచ్చగా విరగబూసే గోల్డెన్‌రాడ్‌ను అందరూ తిట్టుకుంటారు గాని, దాని పుప్పొడి బరువైనది, తేనెటీగలు మోసుకుపోయేది. మన ఊళ్లలో కాంగ్రెస్ గడ్డి అని, వయ్యారిభామ అని పిలిచే పార్థీనియం మొక్క రాగ్‌వీడ్‌కు దగ్గరి బంధువు. రెండింటి పుప్పొడిలోని ప్రోటీన్లకు పోలిక ఉండడం వల్ల అక్కడ వయ్యారిభామతో బాధపడినవారు ఇక్కడికి వచ్చాక రాగ్‌వీడ్‌కు తుమ్మడం మొదలుపెట్టడంలో ఆశ్చర్యం లేదు. చర్మ పరీక్షతో గాని రక్త పరీక్షతో గాని దీన్ని తేల్చుకోవచ్చు.

ఆక్యుపంక్చర్‌కు ఆధారం లేదని నేను అనను. జర్మనీలో 422 మంది కాలానుగుణ అలర్జీ రోగులపై జరిగి 2013లో ప్రచురితమైన పరీక్షలో కొందరికి నిజమైన స్థానాల్లో, కొందరికి ఉత్తుత్తి స్థానాల్లో పన్నెండేసి సార్లు సూదులు పెట్టారు. మూడో గుంపుకు సూదులు లేకుండా అవసరమైనప్పుడు వేసుకునే సెటిరిజిన్ అనే అలర్జీ మాత్రలే ఇచ్చారు. మాత్రలు మిగతా రెండు గుంపులకూ అందుబాటులోనే ఉన్నాయి. నిజమైన సూదులు వేయించుకున్నవారి జీవన నాణ్యత ఎనిమిది వారాలకు మెరుగ్గా ఉంది, మాత్రల వాడకం తగ్గింది. ఆ తేడా మాత్రం చిన్నది, పదహారో వారానికి కనిపించకుండా పోయింది. పైగా వారిని బాధపెట్టినవి వసంతంలో వచ్చే బర్చ్, గడ్డి పుప్పొళ్లు గాని రాగ్‌వీడ్ కాదు. అమెరికాలోని చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు మందులు వద్దనుకునే రోగికి ఆక్యుపంక్చర్‌ను ఒక వికల్పంగా సూచించవచ్చని అన్నాయి. మూలికల గురించి అవుననీ కాదనీ చెప్పలేదు. మందుకు తోడుగా చేయించుకుంటే నాకు అభ్యంతరం లేదు, మందుకు బదులుగా వద్దు. ముక్కులో కొట్టుకునే స్టిరాయిడ్ స్ప్రేను పుప్పొడి మొదలయ్యే ముందు రెండు వారాల నుంచి రోజూ వాడితే చాలామందికి మాత్రల అవసరమే తగ్గుతుంది, మత్తు ఉండదు. ఈ ఏడు వెంటనే మొదలుపెట్టండి, వచ్చే ఏడు ఆగస్టు తొలివారంలో మొదలుపెట్టండి.

నాకు భయమంతా పొడి గురించే. చైనా మందుల మిశ్రమాల్లో చాలావాటిలో అతిమధురం కలుస్తుంది. అది రోజుల తరబడి లోపలికి వెళ్తే రక్తపోటును పెంచి, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. మూత్రం ఎక్కువ పోయించే రక్తపోటు మాత్రలు వాడేవారికి ఈ నష్టం రెట్టింపవుతుంది. ఉబ్బసానికి, దగ్గుకు వాడే మా హువాంగ్ అనే ఎఫెడ్రా మూలిక గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది. అమెరికా ప్రభుత్వం 2004లో దాన్ని ఆహార అనుబంధాల్లో నిషేధించింది గాని, సంప్రదాయ చైనా వైద్యంలో వాడే మూలికలకు ఆ నిషేధం వర్తించలేదు కాబట్టి అడిగి తెలుసుకోక తప్పదు. 1990ల తొలినాళ్లలో బెల్జియంలో బరువు తగ్గడానికి ఇచ్చిన మాత్రల్లో ఒక మూలికకు బదులు అరిస్టలోకియా జాతి మొక్క కలిసి ఎందరికో మూత్రపిండాలు చెడిపోయిన ఉదంతాన్ని వైద్య విద్యార్థులకు ఇప్పటికీ పాఠంగా చెబుతారు.

ఒక ప్రశ్న. మీరు వేసుకునే రక్తపోటు మాత్ర పేరేమిటి, ఎప్పటినుంచి వాడుతున్నారు?

పద్మ, ఎడిసన్

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాది లిసినోప్రిల్, నిరుడు సెప్టెంబరులో మొదలుపెట్టారు. క్లినిక్‌వారిని అడిగితే పొడిలో హువాంగ్‌చీ, బాయ్‌జూ, ఫాంగ్‌ఫెంగ్, జ్యూహువా, గాన్‌త్సావ్ ఉన్నాయని కాగితం మీద రాసిచ్చారు. మా హువాంగ్ లేదన్నారు. సూదులతో పాటు మాక్సా అనే ఆకు వత్తులను వెలిగించి వీపు మీద వేడి తగిలిస్తామని కూడా చెప్పారు. దాని గురించి కూడా తెలుపగలరు.

డా. రఘు, డాలస్

లిసినోప్రిల్ తరగతి మాత్రలకు బాగా తెలిసిన దుష్ఫలితమే పొడి దగ్గు. అది మొదటి మాత్రకే రావచ్చు, నెలల తరువాతా రావచ్చు. నిరుడు సెప్టెంబరులో మాత్ర, హీటర్ మొదలుపెట్టిన రోజుల్లో దగ్గు అంటున్నారు కాబట్టి హీటర్‌ను, ఋతువును అనుమానించే ముందు దీన్ని అనుమానించాలి. మీ అంతట మీరు మాత్ర ఆపవద్దు. మీ వైద్యుడికి ఈ తేదీలు చెబితే ఆయన దగ్గు తెప్పించని మరో తరగతి మాత్రకు మార్చగలరు. మార్చిన తరువాత సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో దగ్గు పోతుంది, కొందరికి మూడు నెలల దాకా పడుతుంది. దగ్గు ఇన్ని నెలలుగా ఉంది కనుక ఊపిరితిత్తుల ఎక్స్‌రే కూడా ఒకసారి తీయించమని అడగండి. ఇది తేలేదాకా దగ్గు కోసం సూదులు వేయించుకోవడం దండగ.

వైద్య శారద, నెల్లూరు

ఆయుర్వేదం చదివినదాన్ని కాబట్టి ఒక్క మాట కలుపుతాను. మన గ్రంథాలలోని శరత్తుకూ ఈ లోహ తత్త్వపు శరత్తుకూ పేరు తప్ప పోలిక తక్కువ. వర్షాకాలంలో పోగుపడిన పిత్తం, మబ్బులు విడిచాక కాసే తీక్షణమైన ఎండకు ప్రకోపిస్తుందని, అందుకు చేదు మూలికలతో కాచిన నెయ్యి, విరేచనం, రక్తమోక్షణం (ఒంట్లోంచి కొంత రక్తం తీయడం) అవసరమని, పెరుగును, ఎండను, పగటి నిద్రను మానాలని చరకుడు చెప్పాడు. పగలు ఎండకు కాగి, రాత్రి వెన్నెలకు చల్లబడి, అగస్త్య నక్షత్రోదయంతో విషం విరిగిన శరత్కాలపు నీటికి హంసోదకమని పేరుపెట్టి, స్నానానికీ పానానికీ అమృతంతో సమానమన్నాడు. చైనా వారిది చల్లని పొడిగాలి భయం, మనది మండే పిత్తం భయం.

ఈ తేడాకు కారణం ఆకాశంలోనే ఉందని నాకనిపిస్తుంది. ఉత్తర చైనా మైదానంలో వానలు జులై, ఆగస్టుల్లో కురిసి ఆగిపోతాయి, ఆ తరువాత వాయవ్యం నుంచి పొడిగాలులు వీస్తాయి. మా నెల్లూరులో ఆశ్వయుజ, కార్తిక మాసాలంటే ఈశాన్య రుతుపవనాలు, తుపానులు, గోడలకు చెమ్మ. ఇక్కడ కూర్చొని ఊపిరితిత్తులను తడిపే పటికబెల్లం పానకం తాగితే కఫం పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఆ మధ్య హైదరాబాదు నుంచి ఒకావిడ ఇంటర్నెట్‌లో చదివి, సరిగ్గా వానలు పడుతున్న రోజుల్లోనే ఇదే మొదలుపెట్టి మా దగ్గరికి వచ్చారు. న్యూజెర్సీలో వాన ఏడాది పొడుగునా పడుతుంది గాని, ఇల్లు మూసి హీటర్ వేసిన తరువాత లోపలి గాలి నిజంగానే ఎండిపోతుంది కాబట్టి అక్కడ చైనా సలహాకు కొంత అర్థం ఉంది. చిన్న తేమమాపకం కొని ఇంట్లో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. అంతకు మించితే దుమ్ముపురుగులు, బూజు పెరిగి మీ ముక్కుకే మరో కష్టం తెస్తాయి.

శ్రీవల్లి, ఫ్రీమాంట్

పద్మ గారూ, మీ కాగితంలోని మొదటి మూడు మూలికలు కలిస్తే 'యూపింగ్‌ఫెంగ్ సాన్' అవుతుంది. తరచూ జలుబు చేసేవారికి గాలి తగలకుండా పచ్చరాతి తెర కట్టినట్టుంటుందని పెట్టిన పేరు అది. చైనాలో ముక్కు అలర్జీకి దీన్ని విరివిగా వాడతారు గాని, మీ విషయంలో నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. గాన్‌త్సావ్ అంటే రఘు గారు చెప్పిన అతిమధురమే. రక్తపోటు ఉన్నవారికి ఋతువంతా ఇవ్వవలసిన మూలిక కాదు. జ్యూహువా అంటే చామంతి. బాయ్‌జూ కూడా చామంతి కుటుంబంలోదే, రాగ్‌వీడ్ కూడా ఆ కుటుంబంలోదే. రాగ్‌వీడ్ అలర్జీ ఉన్న కొందరికి చామంతి టీ, కామోమిల్ టీ తాగితే నోరు దురదపెట్టడం, పెదవులు వాయడం జరుగుతుంది, అరుదుగా ఊపిరాడని స్థితి కూడా రావచ్చు. అలర్జీ పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ పొడి ముట్టుకోకండి. వచ్చాక రాగ్‌వీడ్ అని తేలితే అసలే వద్దు. శరత్తులో చామంతి టీ మంచిదని చైనా కొట్లలో ఎవరు చెప్పినా మీకు వర్తించదు.

మాక్సా విషయంలోనూ ఇదే చిక్కు. ఆ వత్తులు ఆర్టిమీసియా ఆకుతో చేస్తారు. వినాయక చవితి పత్రిలో మనం మొదట సమర్పించే మాచీపత్రానికి అది సొంత జాతి మొక్క, అదీ చామంతి కుటుంబమే. ఉత్తర చైనాలో శరత్కాలపు అలర్జీకి ప్రధాన కారణం ఆ ఆర్టిమీసియా పుప్పొడే. కాలిన ఆకులో పుప్పొడి భయం లేకపోయినా, మూసిన గదిలో దాని పొగ దగ్గు ఉన్నవారికి మంచిది కాదు. మాక్సా వద్దని క్లినిక్‌లో ముందే చెప్పండి. వేడి కావాలనిపిస్తే వేడినీళ్ల సంచి చాలు.

ఇవన్నీ తీసేస్తే మీకు మిగిలేది ముఖానికీ చేతులకూ కాళ్లకూ పెట్టే సూదులు. స్ప్రే వాడుతూ సెప్టెంబరు నెలంతా వారానికి ఒక సిట్టింగ్ చొప్పున, ఏ సిట్టింగుకు ఆ సిట్టింగే డబ్బు కడుతూ వేయించుకొని చూడండి. దగ్గు సంగతి మాత్ర మార్చాక చూద్దాం.

అత్తగారి విషయంలో, వార్ఫరిన్ వాడేవారికి సూదులు పూర్తిగా నిషిద్ధమేమీ కాదు. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చూపే ఐ.ఎన్.ఆర్. పరీక్ష ఫలితం వారి వైద్యుడు చెప్పిన హద్దుల్లో ఉండాలి, సూదులు వేసేవారికి ఆ మాత్ర సంగతి ముందే తెలియాలి, సూదులు సన్నగా, పైపైన, తక్కువగా ఉండాలి, తీసిన తరువాత ప్రతిచోటా దూదితో కాసేపు నొక్కిపట్టాలి. కప్పులు అంటించి లాగే చికిత్స వారికి చేయించవద్దు. మూలికలు మాత్రం ఏవీ వద్దు. ముఖ్యంగా దాన్‌షెన్, దాంగ్‌గుయ్ అనేవి వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీస్తాయి, నొప్పుల మందుల్లో ఈ రెండూ తరచుగా కలుస్తాయి. పైపూత నూనెలు, పట్టీలు కూడా లేబుల్ చదవకుండా వాడనీయకండి. వింటర్‌గ్రీన్ నూనె ఉన్న పూతలు మోకాలి మీద రోజూ రుద్దినా వార్ఫరిన్ ఉన్నవారికి ఐ.ఎన్.ఆర్. పెరగవచ్చు.